అమ్మాయి హిస్టరీ మేజర్ తీసుకుంటానంటోంది, మరి మెడికల్ సీటు సంగతేంటి?

ముందు ప్రశ్న క్లుప్తంగా చెప్తాను. డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్న ఒక తండ్రి అడిగారు. అమ్మాయి స్టేట్ యూనివర్సిటీలో బయాలజీ మేజర్‌గా, అంటే అదే ప్రధాన సబ్జెక్టుగా, చేరి మొదటి ఏడాది పూర్తి చేసింది. జనరల్ కెమిస్ట్రీలో ఏ-మైనస్, బయాలజీలో బీ-ప్లస్. ఇప్పుడు హిస్టరీకి మారతానంటోంది, అయినా డాక్టరే అవుతానంటోంది. విజయవాడ నుంచి తాతగారు "బైపీసీ వదిలేసి డాక్టరెలా అవుతుందిరా" అని రోజూ ఫోన్ చేస్తున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్. గ్రీన్ కార్డు ఇంకా రాలేదు, అమ్మాయి హెచ్-4 మీద, అంటే తల్లిదండ్రుల వర్క్ వీసాని బట్టి పిల్లలకిచ్చే డిపెండెంట్ వీసా మీద ఉంది. మారనివ్వొచ్చా?

మెడికల్ స్కూలు వరకే చూస్తే మారనివ్వొచ్చండి, భయం లేదు. కానీ మీరు చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన హెచ్-4 సంగతే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను, దయచేసి అక్కడిదాకా చదవండి.

నా గురించి రెండు మాటలు. గుంటూరులో ఎంబీబీఎస్, ఇక్కడికొచ్చాక ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ, తర్వాత ఒహాయోలో ఇరవై ఏళ్ళ ప్రాక్టీసు. మధ్యలో ఎనిమిదేళ్ళు ఒక మెడికల్ స్కూలు అడ్మిషన్స్ కమిటీలో ఉన్నాను. అంత తెలిసినదాన్ని కూడా, నా కూతురు ఇంగ్లిష్ లిటరేచర్ మేజర్ అన్నప్పుడు మూడు వారాలు దానితో సరిగ్గా మాట్లాడలేదు. కాబట్టి మీ ఇంట్లో ఇప్పుడు ఏం నడుస్తోందో నాకు బాగానే తెలుసు.

తాతగారి భయంలో తప్పేం లేదు. మన దగ్గర పదో తరగతి అయిన వేసవిలోనే ఆ నిర్ణయం జరిగిపోతుంది. బైపీసీలో చేరితే నీట్, లేకపోతే ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఎంబీబీఎస్ అక్కడ ఇంటర్ కాగానే చదివే డిగ్రీ. ఇక్కడ ముందు నాలుగేళ్ళ డిగ్రీ ఏదో ఒకటి ఉండాలి, ఆ తర్వాతే నాలుగేళ్ళ ఎండీ గానీ డీఓ గానీ, రెండూ డాక్టరు డిగ్రీలే. ఆ మొదటి డిగ్రీ ఫలానా సబ్జెక్టులోనే ఉండాలని మెడికల్ స్కూళ్ళు అడగవు. చాలామంది పిల్లలు "నేను ప్రీ-మెడ్" అంటారు గానీ ఎక్కువ కాలేజీల్లో అది మేజర్ కాదు, కొన్ని కోర్సుల వరస, అంతే. మీ అమ్మాయి హిస్టరీకి మారినా ఆ వరస అలాగే ఉంటుంది. బయాలజీ ఒక ఏడాది ల్యాబ్‌తో, జనరల్ కెమిస్ట్రీ ఒక ఏడాది ల్యాబ్‌తో, ఆర్గానిక్, ఫిజిక్స్ కూడా అంతే. ఆపైన బయోకెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్. రైటింగ్ కోర్సులు చాలా స్కూళ్ళు అడుగుతాయి. సైకాలజీ, సోషియాలజీ ఒక్కో కోర్సైనా చేయకపోతే ఎంక్యాట్‌లో, అంటే మెడికల్ స్కూలు ప్రవేశ పరీక్షలో, ఇబ్బంది పడుతుంది. తాతగారికి కావాలంటే ఇలా చెప్పండి: పిల్ల బైపీసీ వదల్లేదు, దాని పక్కన హిస్టరీ పెట్టుకుంది.

అంకెలు కావాలంటే ఇవిగో. 2023లో చేరడానికి ఎండీ స్కూళ్ళకి దాదాపు 52,500 మంది అప్లై చేస్తే 23,000 మంది చేరారు. అప్లై చేసినవాళ్ళలో సగానికి పైగా బయాలజీ తరహా మేజర్లే. హ్యుమానిటీస్ వాళ్ళు చాలా కొద్దిమంది. కానీ ఎవరిలో ఎంత శాతానికి సీటొచ్చిందని చూస్తే, ఏఏఎంసీ (అమెరికా మెడికల్ కాలేజీల సంఘం) ఏటా వేసే పట్టికల్లో హ్యుమానిటీస్ వాళ్ళది బయాలజీ వాళ్ళకంటే కాస్త ఎక్కువే కనిపిస్తుంది. వాళ్ళ సగటు ఎంక్యాట్ స్కోరు కూడా తక్కువేం కాదు. అలాగని ఇది చూసి హిస్టరీ తీసుకుంటే సీటు తేలిగ్గా వస్తుందనుకోకండి. హిస్టరీ చదువుతూ ఆర్గానిక్ కూడా లాక్కొచ్చి, చివరిదాకా నిలబడి అప్లై చేసినవాళ్ళే ఆ లెక్కలోకి వస్తారు. మధ్యలో మానుకున్నవాళ్ళు ఆ పట్టికలో ఉండరు.

న్యూయార్క్‌లో మౌంట్ సినాయ్ మెడికల్ స్కూలు 1987లోనే ఒక ప్రయోగం చేసింది. అప్పటి డీన్ నేథన్ కేస్ పూనుకుని, హ్యుమానిటీస్ చదివే పిల్లల్ని కాలేజీ రెండో ఏడాదిలోనే ఎంచుకునే పద్ధతి పెట్టారు. ఎంక్యాట్ అక్కర్లేదు, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ కూడా అక్కర్లేదు. తర్వాత వాళ్ళనీ మిగతా విద్యార్థులనీ పోల్చి చూసి 2010లో ఫలితాలు ప్రచురించారు. స్టెప్ 1 (డాక్టరు లైసెన్సు పరీక్షలో మొదటి భాగం) స్కోర్లు కాస్త తగ్గాయి గానీ, వార్డుల్లోకి వచ్చేసరికి వీళ్ళేం వెనకబడలేదు. ఇంకా పెద్ద ఉదాహరణ కావాలంటే హెరాల్డ్ వార్మస్. ఆయన కాలేజీలో చదివింది ఇంగ్లిష్ సాహిత్యం, అందులో ఎం.ఏ. కూడా చేశారు. హార్వర్డ్ మెడికల్ స్కూలు రెండుసార్లు వద్దంటే కొలంబియాలో చేరారు. 1989లో నోబెల్ బహుమతి, తర్వాత ఎన్ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) డైరెక్టర్ పదవి. ఈ పేరు తాతగారి దగ్గర పనికొస్తుంది. కమిటీ గదిలో మాత్రం పనికిరాదు, అక్కడ మీ అమ్మాయి మార్కులే చూస్తారు.

కమిటీలో ఏం జరుగుతుందో చెప్తాను. అప్లికేషన్‌లో మేజర్ అనేది ఒక్క లైను. ఎనిమిదేళ్ళలో "ఈ పిల్ల బయాలజీ చదవలేదు కదా" అని ఎవరైనా అనగా నేను వినలేదు. "ఆర్గానిక్ రెండో సెమిస్టర్లో ఏమైంది?" అనే ప్రశ్న మాత్రం ప్రతి సీజన్లోనూ విన్నాను. ఆమ్‌కాస్ అని ఉమ్మడి అప్లికేషన్ ఉంది. అది పిల్లల మార్కుల్ని తనే మళ్ళీ లెక్కకట్టి మాకు ఇస్తుంది. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ కలిపి ఒక జీపీఏ, మిగతా అన్నీ కలిపి ఒకటి, మొత్తం కలిపి ఇంకొకటి. మా కళ్ళు ముందు పోయేది ఆ సైన్స్ జీపీఏ మీదకే. స్టాటిస్టిక్స్ మ్యాథ్స్ కిందికొస్తుంది, న్యూరోసైన్స్ బయాలజీ కిందికొస్తుంది. సైకాలజీ మాత్రం సైన్స్ లెక్కలో లేదు, చాలామంది ఉందనుకుంటారు.

ఇక్కడే హిస్టరీ మేజర్‌కి అసలు రిస్కు. కాస్త లెక్క వేద్దాం. బయాలజీ పిల్లకి నాలుగేళ్ళలో సైన్స్, మ్యాథ్స్ కలిపి ఒక 70 క్రెడిట్లు ఉంటాయనుకోండి. హిస్టరీ పిల్లకి 40. ఇద్దరికీ ఒక నాలుగు క్రెడిట్ల కోర్సులో సీ-ప్లస్, అంటే 2.3 వచ్చింది. మిగతావన్నీ ఏ గ్రేడ్లే, అంటే 4.0. బయాలజీ పిల్ల సైన్స్ జీపీఏ 3.90 దగ్గర ఆగుతుంది, హిస్టరీ పిల్లది 3.83కి పడుతుంది. ఒక్క తప్పటడుగుకే అంత తేడా. రెండో తప్పు కూడా పడితే కోలుకోవడానికి మిగిలిన సైన్స్ కోర్సులే తక్కువ. అందుకే నా దగ్గరికి వచ్చే పిల్లలకి చెప్తుంటాను, హిస్టరీలో వచ్చే ఏ గ్రేడ్లు మొత్తం జీపీఏని కాపాడతాయి గానీ ఆర్గానిక్‌ని కాపాడవు అని. చేరినవాళ్ళ సగటు మొత్తం జీపీఏ ఇప్పుడు 3.7 దాటింది, ఎంక్యాట్ సగటు 528కి 511, 512 దగ్గర ఉంది.

రెండో రిస్కు క్యాలెండర్. మా అమ్మాయి దెబ్బ తిన్నది అక్కడే.

డిగ్రీకి 120 క్రెడిట్లు. ప్రీ-మెడ్ కోర్సులు 40, 45 దాకా లాక్కుంటాయి. హిస్టరీ లాంటి మేజర్ 30, 36 అడుగుతుంది. మిగిలినవి జనరల్ కోర్సులు, వాటిలో కొన్ని రెండు వైపులా పనికొస్తాయి. కాగితం మీద హాయిగా సరిపోతుంది. సమస్య ఏ సెమిస్టర్లో ఏది పడుతుందన్నదే. గ్యాప్ లేకుండా నేరుగా వెళ్ళాలంటే మూడో ఏడాది చివర్లో, మే, జూన్‌లలో అప్లై చేయాలి. దానికి ముందే ఎంక్యాట్ రాయాలి. ఎంక్యాట్‌కి ముందు బయోకెమిస్ట్రీ అయిపోవాలి. బయోకెమిస్ట్రీకి ముందు ఆర్గానిక్. అంటే మీ అమ్మాయికి వచ్చే ఏడాది ఆర్గానిక్, ఆపై ఏడాది ఫిజిక్స్, బయోకెమిస్ట్రీ, ఎంక్యాట్. సరిగ్గా అదే మూడో ఏడాదిలో హిస్టరీ వాళ్ళకి పెద్ద సెమినార్లు మొదలవుతాయి. ఒక్కో దానికి ఇరవై, ఇరవై అయిదు పేజీల పేపరు. ఆనర్స్ థీసిస్ తీసుకుంటే ఆర్కైవ్స్‌లో కూర్చునే పని కూడా ఉంటుంది.

మా అమ్మాయి ఒకే సెమిస్టర్లో ఆర్గానిక్ రెండో భాగం, ఫిజిక్స్, ఒక సెమినారు పెట్టుకుంది. సలహాదారు సంతకం పెట్టేశారు, నేను లోపల్లోపల భయపడుతూనే ఊరుకున్నాను. సెమినార్లో ఏ, ఆర్గానిక్‌లో సీ-ప్లస్. ఆ రోజు ఫోన్‌లో నేనన్న మొదటి మాట "చెప్పానా?" అని. ఇప్పటికీ దాన్ని తలుచుకుంటే సిగ్గేస్తుంది. నిజానికి అది లిటరేచర్ తప్పు కాదు, ఒకే సెమిస్టర్లో మూడు బరువులు ఎత్తుకోవడం తప్పు. ఆ సెమినారు ఆర్నెల్లు ఆగితే సరిపోయేది. తర్వాత బయోకెమిస్ట్రీలో, ఫిజియాలజీలో ఏ తెచ్చుకుంది, అప్లికేషన్ ఒక ఏడాది వెనక్కి జరిపింది, ఆ ఏడాది ఒక ఎమర్జెన్సీ రూమ్‌లో స్క్రైబ్‌గా పని చేసింది. డాక్టరు వెనకే తిరుగుతూ నోట్స్ టైపు చేసే ఉద్యోగం అది, జీతం పెద్దగా ఉండదు. ఇంటర్వ్యూల్లో అందరూ అడిగింది మాత్రం ఆ ఏడాది గురించే. గ్యాప్ ఇయర్ అంటే మన ఇళ్ళల్లో ఫెయిలైనట్టు చూస్తారు. ఇప్పుడు మెడికల్ స్కూల్లో చేరేవాళ్ళలో సగానికి పైగా కనీసం ఒక ఏడాది గ్యాప్ తీసుకున్నవాళ్ళే.

ఎంక్యాట్ గురించి మీ అమ్మాయికి ఒక శుభవార్త ఉంది. నాలుగు భాగాల్లో ఒకటి కార్స్. 90 నిమిషాల్లో 53 ప్రశ్నలు, సైన్స్ ఒక్క ముక్క ఉండదు. హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్ నుంచి తొమ్మిది వ్యాసాలిచ్చి, రాసినవాడి వాదన ఏంటి, ఎక్కడ బలహీనంగా ఉంది అని అడుగుతారు. కోచింగ్‌తో మెరుగుపరచడం కష్టమైన భాగం ఇదే. మన పిల్లలు ఎక్కువగా తడబడేది కూడా ఇక్కడే, నేను చూసినంతలో. వారానికి రెండొందల పేజీలు చదివి వాదించే హిస్టరీ విద్యార్థులకి అది రోజూ చేసే పని. మా అమ్మాయి పెద్దగా ప్రిపేర్ కాకుండానే 132కి 130 తెచ్చుకుంది. ఫిజిక్స్, కెమిస్ట్రీ భాగానికి మాత్రం వేసవంతా కూర్చోవాల్సొచ్చింది.

రికమెండేషన్ లెటర్ల గురించి ఒక్క మాట. చాలా స్కూళ్ళు సైన్స్ ప్రొఫెసర్ల నుంచి రెండు అడుగుతాయి. మూడొందల మంది కూర్చునే ఆర్గానిక్ క్లాసులో, సైన్స్ డిపార్ట్‌మెంట్‌కి సంబంధం లేని పిల్ల ఎవరికి గుర్తుంటుంది? మొదటి నెల నుంచే ఆఫీస్ అవర్స్‌కి వెళ్ళమనండి. ఏపీ క్రెడిట్లు (హైస్కూల్లోనే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు రాసి తెచ్చుకునేవి) ఉంటే వాటిని నమ్ముకోవద్దు, కొన్ని స్కూళ్ళు ఒప్పుకోవు. టెక్సస్ ప్రభుత్వ మెడికల్ స్కూళ్ళకి అప్లికేషన్ వేరే, టీఎండీఎస్ఏఎస్ ద్వారా వెళ్ళాలి. వాటి కోర్సుల జాబితా కూడా విడిగా చూసుకోండి.

అసలు అమ్మాయి ఎందుకు మారాలనుకుంటోందో మీరు అడిగారా? మీ ప్రశ్నలో అది లేదు. బయాలజీలో బీ-ప్లస్ వచ్చిందని మారుతుంటే, ఆ మార్పు వల్ల ఒరిగేదేమీ లేదు. వచ్చే ఏడాది అదే ఆర్గానిక్ ఎదురుగా నిలబడి ఉంటుంది. అప్లికేషన్‌లో వెరైటీగా ఉంటుందని ఎవరో చెప్తే మారుతుంటే అది ఇంకా పొరపాటు. ఆ లెక్కతో వచ్చిన పిల్లల్ని ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే పట్టేస్తాం. "నీ థీసిస్ గురించి చెప్పు" అంటే కళ్ళల్లో వెలుగు ఉండదు. అలా కాకుండా, అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో నల్లజాతి రోగుల్ని 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్‌కి వైద్యం ఇవ్వకుండా గమనిస్తూ ఉండిపోయిన సంగతి చదివి రెండు రోజులు నిద్రపట్టలేదని చెప్పే పిల్ల అయితే, ఆపకండి. ఇవాళ నేను ఏ రీసెర్చ్‌కి రోగి సంతకం తీసుకున్నా ఆ కాగితం వెనక ఆ చరిత్ర ఉంది. అది తెలిసి సంతకం అడిగే డాక్టరు వేరు.

అలాగని హిస్టరీ, సాహిత్యం చదివితే మంచి డాక్టర్లవుతారని నేను అనను. బోలెడు సాహిత్యం చదివి రోగి మాట మధ్యలో తుంచేసే వాళ్ళనీ చూశాను, ఇంజనీరింగ్ నుంచి వచ్చి మంచం అంచున కూర్చుని ఓపిగ్గా వినేవాళ్ళనీ చూశాను. ఒకసారి మా ఆసుపత్రిలో కొడుకు దగ్గరికి వచ్చిన ఒక తెలుగు పెద్దావిడ అడ్మిట్ అయింది. "కడుపులో దేవుతోంది, గాబరాగా ఉంది" అంటోంది. ఫోన్‌లో ఉన్న ఇంటర్‌ప్రెటర్ కడుపునొప్పి, కంగారు అని చెప్పాడు. దేవడమంటే వికారం కదా, నొప్పి కాదు. నేను వెళ్ళేసరికి కడుపు స్కాన్‌కి రాసేశారు. ఈసీజీ తీయిస్తే గుండెపోటు. ఆ రోజు ఇంకెవరికీ ఆ మాట మీద అనుమానం రాలేదు, ఒక్క రెసిడెంట్‌కి తప్ప. "ఆమె నిజంగా ఆ మాటే అందా?" అని అడిగి నన్ను పిలిపించింది తనే. ఆ అమ్మాయి కాలేజీలో చదివింది కెమిస్ట్రీ.

సరే, హెచ్-4.

21 ఏళ్ళు నిండితే అమ్మాయి హెచ్-4 నుంచి బయటికి వచ్చేస్తుంది. అప్పటికి గ్రీన్ కార్డు రాకపోతే ఎఫ్-1కి, అంటే స్టూడెంట్ వీసాకి మారాలి. ఎఫ్-1 మీద డిగ్రీ అయ్యాక పని చేయడానికి ఇచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలే. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) డిగ్రీ ఉంటే ఇంకో 24 నెలలు పొడిగింపు ఉంటుంది, హిస్టరీ డిగ్రీకి అది ఉండదు. పైగా ఓపీటీలో చేసే ఉద్యోగం చదివిన సబ్జెక్టుకి సంబంధించినదై ఉండాలి. మా అమ్మాయి సిటిజన్ కాబట్టి లిటరేచర్ చదివి ఎమర్జెన్సీ రూమ్‌లో స్క్రైబ్‌గా చేరింది, ఎవరూ అడగలేదు. మీ అమ్మాయి ఎఫ్-1 మీద హిస్టరీ డిగ్రీతో అదే ఉద్యోగం చేయాలంటే అది హిస్టరీకి ఎలా సంబంధమో చూపించాలి. గ్యాప్ ఇయర్ అందరికీ ఒకేలా ఉండదు అని నేను అనేది అందుకే.

ఇక మెడికల్ స్కూళ్ళు. గ్రీన్ కార్డు గానీ సిటిజన్‌షిప్ గానీ లేనివాళ్ళని చాలా స్కూళ్ళు అసలు తీసుకోవు. తీసుకునే వాటిల్లోనూ సీట్లు తక్కువ, ఫెడరల్ లోన్లు రావు, కొన్ని చోట్ల ఫీజు డబ్బు ముందే చూపించమంటారు. ఏ స్కూలు ఎవరిని తీసుకుంటుందో ఏఏఎంసీ వారి ఎంఎస్ఏఆర్ అనే డేటాబేస్‌లో ఉంటుంది. కొంచెం డబ్బు కట్టాలి, కట్టండి. ఒక ఆదివారం అమ్మాయినీ పక్కన కూర్చోబెట్టుకుని, ఈ దేశంలో తను అప్లై చేయగల స్కూళ్ళెన్నో కలిసి లెక్కపెట్టండి. ఇమిగ్రేషన్ లాయరు దగ్గర అమ్మాయి వయసు లెక్క కూడా తేల్చుకోండి. మీ ప్రయారిటీ డేట్‌ని (గ్రీన్ కార్డు క్యూలో మీ తేదీ) బట్టి అది మారుతుంది, దాన్ని ఇక్కడ కూర్చుని ఎవరూ చెప్పలేరు.

అందుకని మీ విషయంలో నా సలహా కాస్త వేరుగా ఉంటుంది. రెండేళ్ళలో గ్రీన్ కార్డు వచ్చేస్తుందని లాయరు గట్టిగా చెప్తే హిస్టరీకి హాయిగా మారనివ్వండి. అనుమానం ఉంటే బయాలజీ మేజర్ ఉంచుకుని హిస్టరీని రెండో మేజర్‌గా కలుపుకోమనండి. మైనర్ కాదు సుమా. స్టెమ్ పొడిగింపుకి మైనర్ పనికిరాదు, రెండు మేజర్లలో ఒకటి స్టెమ్ అయితే ఆ రంగం ఉద్యోగానికి పనికొస్తుంది. మొదటి ఏడాది సైన్స్ ఎలాగూ అయిపోయింది కాబట్టి ఇప్పుడైతే ఇది కుదురుతుంది, మూడో ఏడాదిలో కుదరదు. పని ఎక్కువే, దాచను. బయాలజీ పైస్థాయి కోర్సులు వచ్చి పడతాయి, వేసవి ఒకటి పోతుంది. అమ్మాయికి ఈ మాట మీరు చెప్తే నాన్న అడ్డుపడుతున్నాడనుకుంటుంది. లాయరు చేత వినిపించండి.

ఏది తేల్చుకున్నా ఫాల్ సెమిస్టర్‌కి ఆర్గానిక్, దాని ల్యాబ్ తీసుకోవాల్సిందే. మేజర్ మార్చే ఫారం సెప్టెంబరులో ఇచ్చినా ఫర్వాలేదు. ల్యాబ్ సెక్షన్లు మాత్రం జూన్, జులైల్లోనే నిండిపోతాయి, ముందు ఆ సీటు పట్టుకోమనండి.